వానకి మోగని ఫోను

తువ్వాలు కొస తడిపి జోగేశ్వరరావు కంప్యూటర్ తెర తుడుస్తున్నాడు. కింద కొట్టులో రొయ్యల మేత బస్తాలు దింపినప్పుడల్లా సన్నటి పొడి లేచి, మెట్లెక్కి, పై గదిలోకి వచ్చి తెరమీద కూర్చుంటుంది. ఎండుచేపల వాసన వేసే ఆ పొడిని తుడవకపోతే పచ్చచుక్క పసుపుగానూ, పసుపుచుక్క ఎరుపుగానూ కనిపిస్తుంది. అలా తప్పుగా చూసి ఒకసారి బండి మీద ఆకివీడు దాకా వెళ్ళి వచ్చాడు. అక్కడ రూటరు శుభ్రంగా పనిచేస్తోంది. ఆ రోజు నుంచి తెర తుడవకుండా కుర్చీలో కూర్చోడు.

తెర నిండా పటం. పైన ఆకివీడు, భీమవరం, కింద మొగల్తూరు, ఇంకా కిందికి పోతే సముద్రం. మధ్యలో నీలం ముక్కలన్నీ రొయ్యల చెరువులు. ఒక్కో చెరువు గట్టున ఒక రేకుల షెడ్డు, షెడ్డు గోడకి ఒక ప్లాస్టిక్ పెట్టె, ఆ పెట్టెలో అరచేతి వెడల్పున ఒక రూటరు. నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే మీటరైనా, గట్టు మీది కెమెరా అయినా, నీటిని చిలికే ఏరియేటర్ల స్విచ్చయినా, రైతు ఫోనుకి ఏ కబురు చెప్పాలన్నా ఈ రూటరు ద్వారానే చెబుతాయి. రూటరు మాట్లాడుతుంటే పటం మీద పచ్చచుక్క. తడబడుతుంటే పసుపుచుక్క. నోరు పడిపోతే ఎర్రచుక్క. చుక్క మీద నొక్కితే, ఎక్కడో ఏ ఊళ్ళోనో ఉన్న సర్వర్ల గుండా ఆ రూటరు లోపలికి వెళ్ళవచ్చు. సిగ్నలు ఎంతుందో, పెట్టె ఎంత వేడెక్కిందో చూడవచ్చు. ఆపి మళ్ళీ వేయవచ్చు. కుర్చీలోంచి లేవక్కర్లేదు.

చుక్కలకి కంపెనీ ఇచ్చిన పేర్లు అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటివి. జోగేశ్వరరావు వాటిని తీసేసి మనుషుల పేర్లు పెట్టాడు. రైతుల పేర్లు కాదు. లీజు మారితే రైతు మారతాడు. షెడ్డులో కాపురం ఉండి చెరువు కాసేవాళ్ళే నిలకడ సరుకు. అందుకని తెరమీద ఏసమ్మ ఉంటుంది, గణేష్‌బాబు ఉంటాడు, అన్నింటికన్నా కింద, సముద్రం పక్కనే, పాపాయి ఉంటుంది.

ఆయనది సన్నటి ఒళ్ళు. ముంజేతులు మోచేతి దాకా ఎండకి నల్లబడ్డాయి, చొక్కా చేతుల లోపల మాత్రం ఇంకెవరివో అన్నంత తెల్లగా ఉంటాయి. లేచేటప్పుడు బల్ల అంచు పట్టుకుంటాడు. మోకాళ్ళు అరిగిపోయాయి. జేబు అంచున ఒక పిన్నీసు. రూటరు వెనక సూదిమొన పట్టేంత కంత ఉంటుంది. మొండికేసిన రూటర్ని దారికి తేవాలంటే ఆ కంతలోకి మొన దూర్చి నొక్కి పట్టుకోవాలి. పెట్టెతో పాటు కంపెనీ ఇచ్చిన కమ్మీ మొదటి వారంలోనే ఏదో చెరువులో పడిపోయింది. ఆ సాయంత్రం భార్య పరమేశ్వరి తన గాజుకి వేలాడే పిన్నీసుల్లోంచి ఒకటి తీసి ఇచ్చింది. అదే ఇప్పటికీ నడుస్తోంది. నొక్కీ నొక్కీ మొన వంగిపోయి, ఉప్పుగాలికి నల్లబడి, ఇక మూతలో ఇమడటం లేదు. జేబు గుడ్డలో రెండుసార్లు గుచ్చి ఉంచుతాడు.

మనిషి బతుకుని సరుకులా తూకం వేస్తే జోగేశ్వరరావుది తీగల వ్యాపారం. మొదట బజారులో ఎస్టీడీ బూతు. అద్దాల గది, ఎర్రంకెల మీటరు, బయట బెంచీ మీద వంతు కోసం కూర్చున్న జనం. సెల్‌ఫోన్లు వచ్చి ఆ బెంచీ ఖాళీ చేశాయి. తర్వాత స్తంభం నుంచి స్తంభానికి కేబుల్ టీవీ వైరు లాగాడు. డాబాల మీద డిష్షు గొడుగులు మొలిచాక ఆ వైరు చుట్టి పక్కన పెట్టాడు. ఆ తర్వాత ఇంటర్నెట్ సెంటరు. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు చెప్పులు బయట విడిచి లోపల కిక్కిరిసేవారు. నెట్టు జేబులోకే వచ్చాక చెప్పులు కనిపించడం మానేశాయి. తీగ ఉన్నన్నాళ్ళూ గిరాకీ, తీగ పోగానే కొట్టు ఖాళీ. మూడోసారి షట్టరు దించిన రోజున, ఉదయ్‌భాస్కర్ తండ్రి, అదే బజారులో ఎలక్ట్రానిక్స్ వర్తకుడు, పిలిచి అడిగాడు.

"చెరువుల మీద నెట్టు పెడుతున్నాం జోగేశ్వరరావూ. తీగలుండవు. తిరగాలి. తిరుగుతావా?"

తిరుగుతానన్నాడు. తిరిగాడు.

ఆ తిరుగుడు ఇచ్చినదేమిటంటే ఇంటి మీద స్లాబు, కూతురు సాయిప్రసన్న చదువు, ఆమె పెళ్ళి. తక్కువేం కాదు. తీసుకున్నది మోకాళ్ళని. అదీ సరే, ఏ పని చేసినా ఏదో ఒకటి అరుగుతుంది. కాని ఇంకొకటి కూడా తీసుకుంది. అది ఒప్పందంలో లేదు. వానని తీసుకుంది.

మబ్బు పడితే కరెంటు పోతుంది. కరెంటు పోతే ఏరియేటర్లు ఆగుతాయి. జనరేటరు వేసేలోపు రొయ్యలు ఊపిరాడక పైకి తేలతాయి. ఆలస్యమైతే, అన్నం తిని చెయ్యి కడుక్కునే లోపల పంట మొత్తం పోతుంది. సరిగ్గా ఆ వేళకే టవర్లు కూడా చతికిలపడతాయి, రూటరు మూగబోతుంది, తన చెరువుకి ఏమైందో తెలియని రైతు జోగేశ్వరరావుకి ఫోను చేస్తాడు. ఒక్కడు కాదు, అందరూ. అందుకే ఊరంతా వానకి అరుగు మీదికి వచ్చి కూర్చుంటే ఆయన రెయిన్‌కోటు వెతుక్కునేవాడు. తొలి చినుకు రేకు మీద పడ్డ చప్పుడు వింటే చాలు, బండి తాళం కోసం తడుముకునేవాడు. సాయిప్రసన్న పెళ్ళి రోజున కూడా వాన పడింది. అల్లుడి కాళ్ళు కడిగే పళ్ళెం ముందు కూర్చుని, పట్టుపంచె మడతలో ఫోను మోగితే, తడిచేత్తోనే తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. పురోహితుడు మంత్రం ఆపి చూశాడు. పెళ్ళి ఆల్బంలో ఆ ఫోటో ఉంది. చుట్టాలెవరు వచ్చినా పరమేశ్వరి ముందు ఆ పేజీయే తీస్తుంది.

ఉదయ్‌భాస్కర్ మెట్లెక్కి వచ్చాడు. తండ్రి పోయాక వ్యాపారం అతనే చూస్తున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. కుర్చీ ఖాళీగా ఉన్నా నిలబడే మాట్లాడతాడు.

"సముద్రం వైపువి ఇవాళే కదండీ?"

"ఇవాళే బాబూ. హేమ సిద్ధం చేసింది."

పోయిన వారం ప్రతి రూటర్లోనూ రెండో సిమ్ము పెట్టించారు. ఒక కంపెనీ టవరు పడితే రూటరు రెండో కంపెనీకి మారాలి. రెండూ పడితే తనంతట తానే ఆగి మళ్ళీ లేవాలి. ఆ సెట్టింగుని ఈ గదిలోంచే, ఈ తెర మీంచే, అన్ని రూటర్లకీ పంపుతున్నారు. మిగతా చోట్ల అయిపోయింది. ఇకనుంచి రైతుల ఫోనుని ఒకరే మోయక్కర్లేదు. టౌనులో ముగ్గురు వంతులవారీగా చూస్తారు. అది కుదిరిన రోజున పని మానేస్తానని జోగేశ్వరరావు ముందే చెప్పి ఉన్నాడు.

"అన్నీ పచ్చబడితే సాయంత్రం ఫోను హేమకిచ్చేసి వెళ్ళండి" అన్నాడు ఉదయ్‌భాస్కర్. "కానీ మనిషి గట్టు దాకా వెళ్ళకుండా రావాలి. ఒక్కదానికి మనిషి కావాల్సొచ్చినా ఈ పద్ధతిని నమ్మలేనండి. ఏమనుకోకండి, అప్పుడు ఈ పంట రొయ్యలు పట్టి అమ్మే దాకా, పట్టుబడి దాకా, మీరే ఉండాలి."

"అలాగే బాబూ."

"నిజంగా వెళ్ళాలనే ఉందాండీ మీకు? నేనే తీసేస్తున్నానంటున్నారు బజార్లో. కింద మేతల కొట్టాయన కూడా, పెద్దాయన్ని కంప్యూటరు మింగేసిందంటగా అన్నాడు."

"మింగనివ్వండి బాబూ" అన్నాడు జోగేశ్వరరావు. "మూడుసార్లు మింగించుకున్నాను. అప్పుడు ఏడుపొచ్చింది. ఈసారి ఎప్పుడు మింగుతుందా అని కూర్చున్నాను."

పక్క కుర్చీలో హేమశ్రీ నవ్వింది. ఇదే ఊళ్ళో ఇంజనీరింగ్ చదివి, ఏడాదిగా ఇక్కడ పనిచేస్తోంది. పొడుగ్గా ఉంటుంది, తెర చూసేటప్పుడు జడ కొస వేలికి చుట్టుకుంటుంది. పని గట్టిది. వచ్చిన కొత్తలో జోగేశ్వరరావు ఆమె చేసిన ప్రతిదాన్నీ వెనక నుంచి సరిచూసేవాడు. తప్పు దొరక్క విసుగొచ్చి మానేశాడు. ఆ మానేసిన రోజునే ఈ ఉద్యోగం వదలొచ్చన్న ఆలోచన మొదటిసారి వచ్చింది.

"పంపనా బాబాయిగారూ?"

"కానీ అమ్మా."

ఆమె నొక్కింది. సముద్రం అంచున ఉన్న చుక్కలన్నీ ఒక్కసారి బూడిదరంగుకి తిరిగాయి. అవి కొత్త సెట్టింగు తీసుకుని, ఆగి, రెండో సిమ్ముని ఒకసారి పిలిచి చూసి, మొదటిదానికి తిరిగి రావాలి. జోగేశ్వరరావు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఒకటి పచ్చబడింది.

"ఏసమ్మ" అన్నాడు.

ఇంకొకటి.

"గణేష్‌బాబు. వాడు ఎప్పుడూ రెండోవాడే."

పిల్లలకి హాజరు వేసినట్టు ఒక్కో పేరూ చదివాడు. పచ్చరంగు కింది నుంచి పైకి పాకింది. చివరికి ఒక్కటి మిగిలింది. బూడిదరంగు నుంచి ఎరుపుకి తిరిగి అక్కడే నిలబడిపోయింది.

పాపాయి.

ఆయన చెయ్యి తనంతట తానే జేబు అంచుకి పోయి పిన్నీసు తీసింది. కాళ్ళు లేచి నిలబడ్డాయి. గోడమేకుకి ఉన్న ఆఫీసు బండి తాళం కూడా చేతిలోకి వచ్చింది.

"ఎక్కడికండీ?" అంది హేమశ్రీ.

"వచ్చేస్తానమ్మా. ఎంతసేపు?"

"మీరు వెళ్తే ఇక్కడే ఉండిపోయినట్టండీ. ఇందాక ఏమన్నారు ఆయన?"

జోగేశ్వరరావు తాళం వైపు చూశాడు. దాన్ని తిరిగి మేకుకి తగిలించాడు. పిన్నీసుని కీబోర్డు పక్కన పెట్టి కూర్చున్నాడు. తన ఇష్టంతో కూర్చోవడం వేరు, కూర్చోవలసి రావడం వేరు. అరచేతులు తొడలకి రాసుకున్నాడు. పట్టుబడి అంటే ఈ వానాకాలం అంతా.

పాపాయి చెరువు మీద రూటరుది మొదటి నుంచీ అదే తంతు. రోజూ అన్నాల వేళకి కాసేపు ఎర్రబడేది. రైతు రాజుగారు కేకలేసేవారు. జోగేశ్వరరావు కంచం ముందు నుంచి లేచి, ఎండలో ఉప్పుకాలవల వెంట బండి తోలుకుని వెళ్ళేసరికి పచ్చగా వెలుగుతూ ఉండేది. పెట్టె మార్చాడు. వైరు మార్చాడు. రూటర్నే మార్చాడు. పిన్నీసుతో నొక్కని రోజు లేదు. జబ్బు ఏమిటో అంతుపట్టలేదు. చేతకాదేమో తనకి అని కూడా అనుకున్నాడు, పైకి అనలేదు. పోయిన వారం రెండో సిమ్ము పెట్టాక ఆ మధ్యాహ్నపు ఎరుపు ఒక్కసారిగా పోయింది. ఇన్నాళ్ళకి కుదిరింది కదా అని సంతోషించాడు. ఇప్పుడిది.

హేమశ్రీ జడ కొస వేలికి చుట్టుకుని చదువుతోంది. "పడిపోయే ముందు అది పంపిన ఆఖరి కబురు ఇది చూడండి. రెండో సిమ్ము దగ్గరికి వెళ్ళింది. అక్కడ సిమ్ము లేదట. వెతుక్కుంటూ ఉండిపోయింది."

"లేకపోవడమేంటి? నేనే కదా పెట్టాను. పాపాయి పక్కన నుంచుని చూసింది కూడానూ."

అన్నాక ఆగాడు. పక్కన నుంచుని చూసింది. ఇదెందుకండి, ఒకటుందిగా అని అడిగింది. మొదటిది పడిపోతే పనికొస్తుంది, అప్పటిదాకా ఊరికే ఉంటుంది అని చెప్పాడు.

ఫోను తీసి స్పీకరు పెట్టాడు. అవతల ఏరియేటర్లు నీళ్ళు చిలుకుతున్న చప్పుడు.

"ఆయ్, పాపాయినండి. బాగున్నారా రూటరు బాబుగారు?"

"బాగున్నాను. రెండో సిమ్ము ఏది పాపాయ్?"

నీళ్ళ చప్పుడు కాస్త దూరమైంది.

"ఏ సిమ్మండి?"

"నీ ఫోన్లో ఉన్న సిమ్ము."

"మీకెవరు చెప్పారండి?"

హేమశ్రీ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఊరికే కూర్చుందండి బాబు అది" అంది పాపాయి. "మొదటిది పనిచేత్తంటే ఇది ఊరికే కూర్చుంటందని మీరే కదండి చెప్పారు. అందుకని పన్లో పెట్టానండి. నా సిమ్ములో మాటలే గానీ నెట్టు రాదండి. అట్టాని నేనేం సినిమాలు చూత్తన్నాననుకోకండి. ఉప్పాడలో మా అక్కుందండి. సముద్రం దానింటి దాకా వచ్చేసిందండి. ముందు వీధి పోయింది. దాని ఎనకాల వీధి పోయింది. ఇప్పుడు దానిల్లే మొదటిల్లు. రోజూ వీడియోలో గోడ చూపిత్తాదండి. గోడ కనపడితే గానీ నాకు ముద్ద దిగదు."

జోగేశ్వరరావు ముందుకి వంగాడు. "మరి పోయిన వారం దాకా? రెండో సిమ్ము లేదు కదా అప్పుడు."

"అప్పుడు ఒకటే కదండి. మేత చల్లి వచ్చాక కాసేపు తీసి, గోడ చూసి, మళ్ళీ పెట్టేసేదాన్నండి."

"అంటే నేను ఎండలో పడి వచ్చినప్పుడల్లా..."

"అందుకే కదండి మజ్జిగిచ్చేదాన్ని."

హేమశ్రీ బల్ల మీద తల పెట్టి నవ్వుతోంది. జోగేశ్వరరావుకి కోపం రావాలి. ఎన్ని మధ్యాహ్నాలు, ఎన్ని కంచాలు. లెక్కకి కూర్చుంటే అదంతా నష్టమే. కాని వెతికి చూస్తే కోపం దొరకలేదు. ఆ రూటరుకి ఏ జబ్బూ లేదు. తన చేతికీ ఏ లోపం లేదు. ఇన్నేళ్ళుగా మనసులో ఒక మూల కూర్చున్న బరువు లేచి మెట్లు దిగి పోయినట్టుంది. చెంబంత గ్లాసులో ఇచ్చేది మజ్జిగ. కరివేపాకు కూడా వేసేది. బాగుండేది. ఆయన కూడా నవ్వాడు.

"మా రాజుగారికి చెప్తారేటండి?" పాపాయి గొంతు చిన్నదైంది.

"ముందు ఆ సిమ్ము తీసి, ఎలా ఉందో అలా పెట్టు. లైన్లో ఉండు."

"పెట్టేత్తానండి. మరి రేపు..." అని ఆగిపోయింది.

ఫోను మీద చెయ్యి మూసి జోగేశ్వరరావు హేమశ్రీతో అన్నాడు. "ఇప్పుడు పెడుతుంది. రేపు అన్నాల వేళకి మళ్ళీ తీస్తుంది. తియ్యకుండా ఉండలేదు. నువ్వయినా తీస్తావు, నేనైనా తీస్తాను."

"రూటరుకి వైఫై ఉంది కదండీ. అది తెరిచేస్తే సరి."

"రైతులే వద్దన్నారు. కాపలావాళ్ళు ఫోన్లు చూస్తూ మేత చల్లడం మర్చిపోతారని."

ఆ మాటకి ఉదయ్‌భాస్కర్ తన గదిలోంచి వచ్చాడు. చుక్క చూశాడు, సంగతి విన్నాడు. మొహం ముడుచుకుంది. "వైఫై ఇవ్వడానికి రాజుగారు ఒప్పుకోరండీ."

"బాబూ, బేరంగానే చూడండి" అన్నాడు జోగేశ్వరరావు. "ఆవిడకి కావలసింది రోజుకి కాసేపు. అది మనం ఇస్తే సిమ్ములు రెండూ పెట్టెలోనే ఉంటాయి. ఇవ్వకపోతే రెండోది ఉండదు. రేపు వానలో మొదటి టవరు పడిందనుకోండి, రాజుగారి చెరువుకి కళ్ళు పోయినట్టే. ఆయనకి ఏది లాభం? మందలిస్తే మానేస్తుందనుకోకండి. అక్కడ గోడ."

ఉదయ్‌భాస్కర్ మేకు వైపు, బండి తాళం వైపు చూశాడు. వర్తకుడి కొడుకు. ఇచ్చేది చిన్నదో, పోయేది చిన్నదో తేల్చుకోవడానికి అతనికి ఎక్కువసేపు పట్టదు.

"ఆ ఫోను ఒక్కదానికే పని చేసేటట్టు పెట్టొచ్చా?"

"పెట్టొచ్చండీ" అంది హేమశ్రీ. "అన్నాల వేళకి తెరుచుకుని, మేత వేళకి మూసుకునేటట్టు కూడా పెట్టొచ్చు. ఇక్కణ్ణించే."

అతను గదిలోకి పోయి రాజుగారితో మాట్లాడాడు. సగం మాటలు బయటికి వినిపించాయి. కాపలావాళ్ళకి కాస్త నెట్టు ఇస్తే పెట్టె జోలికి రారండీ, పెట్టె భద్రం కదండీ ముఖ్యం, ఆ, మేత వేళకి ఉండదండీ. తిరిగి వచ్చి, "సరేనన్నారు. పెట్టెలో చెయ్యి పెట్టకపోతే చాలన్నారు" అన్నాడు.

పాపాయి ఈలోపు సిమ్ము పెట్టేసింది. ఎర్రచుక్క బూడిదరంగుకి తిరిగింది. రెండో సిమ్ముని పిలిచింది. ఈసారి అది పలికింది. పసుపుపచ్చగా కాసేపు వెలిగి, మొదటిదానికి తిరిగొచ్చి పచ్చబడింది. జోగేశ్వరరావు తువ్వాలు తీసి మళ్ళీ ఒకసారి తెర తుడిచి చూశాడు. పచ్చే.

వైఫై సెట్టింగు ఆయనే చేశాడు. కీబోర్డు మీద రెండు చూపుడువేళ్ళతోనే కొడతాడు. దానికి ఒక పేరు పెట్టాలి. కాసేపు ఆలోచించి ఉప్పాడ అని కొట్టాడు.

"పాపాయ్, నీ ఫోన్లో చూడు. ఉప్పాడ అని వచ్చిందా?"

"నాకు చదవడం రాదండి. బుల్లియ్యకి చూపిత్తాను." భర్తని కేకేసింది. గట్టు మీద నుంచి అడుగుల చప్పుడు, గుసగుస. "ఆయ్, వచ్చిందంటండి! మా ఊరి పేరెవరు పెట్టారండి ఇందులో?"

"మేత చల్లడం అయిందా?"

"అయిందండి."

"అయితే చూసుకో. పెట్టెలో చెయ్యి పెడితే మాత్రం ఇక మజ్జిగ తాగడానికి నేను రాను."

ఫోను పెట్టేశాక కూడా పాపాయి చుక్క మీంచి కళ్ళు తియ్యలేదు. నెట్టు ఎంత వాడుతున్నారో చూపించే గీత నేలకి పరుచుకుని ఉంది. కాసేపటికి చివాలున లేచింది. లేచి, అలాగే నిలబడింది. తొందరగా దిగితే వేరు. ఏదైనా జరిగి ఉంటే ఏడుస్తూ పెట్టేస్తుంది. గీత దిగలేదు. అక్కచెల్లెళ్ళు తీరిగ్గా మాట్లాడుకుంటున్నారు.

"గోడ ఉన్నట్టుందమ్మా" అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆయన బల్ల దగ్గరే క్యారేజీ విప్పాడు. పరమేశ్వరి దొండకాయ వేపుడు పెట్టింది, పెరుగు పెట్టింది. ముద్దకీ ముద్దకీ మధ్య తెర చూడకుండా తినడం చేతకాలేదు గాని, చివరి మెతుకు దాకా తిన్నాడు. వేపుడు కరకరలాడుతుందని ఇన్నాళ్ళూ తెలియదు. ఎప్పుడూ చల్లారి, మెత్తబడ్డాకే తిన్నాడు.

సాయంత్రం కాబోతుండగా దక్షిణం వైపు నల్లబడింది. కిటికీలోంచి మేతల కొట్టు రేకులు, ఆ వెనక కొబ్బరి తలలు, వాటి మీదికి దిగిన మబ్బు కనిపిస్తున్నాయి. గాలి లేచి మేతపొడిని మెట్ల మీంచి పైకి తోసింది. తొలి చినుకు రేకు మీద టంగుమంది. జోగేశ్వరరావు ఎప్పటిలాగే బండి తాళం వైపు చూశాడు. ఫోనుని తెచ్చి తన ముందు పెట్టుకున్నాడు.

వాన దిగింది. ఊళ్ళో కరెంటు పోయింది, ఆఫీసు ఇన్వర్టరు అందుకుంది. తెర మీద సముద్రం అంచున ఉన్న చుక్కలు ఒక్కొక్కటీ పసుపుపచ్చబడ్డాయి. మొదటి టవరు పడిపోయింది. రూటర్లన్నీ రెండో సిమ్ముకి మారుతున్నాయి. ఏసమ్మ ఎర్రబడింది. ఆయన చెయ్యి బల్ల అంచుని పట్టుకుంది. హేమశ్రీ ఏమీ నొక్కలేదు, చేతులు కట్టుకుని చూస్తోంది. ఏసమ్మ తనంతట తానే ఆగి, లేచి, పసుపుపచ్చబడింది. అన్నింటికన్నా కింద పాపాయి చుక్క కూడా పసుపుపచ్చగా నిలబడి ఉంది. అంటే ఆ ఊరికే కూర్చునే సిమ్ము ఇప్పుడు పెట్టెలోనే ఉండి పనిచేస్తోంది. రాజుగారి ఫోనులో ఆయన చెరువు కనిపిస్తూనే ఉంటుంది.

ఫోను మోగలేదు.

ఆయన దాన్ని ఎత్తి చూశాడు. పక్కనున్న బటను నొక్కి చూశాడు.

"సైలెంటులో లేదు లెండి" అంది హేమశ్రీ. "ఇందాకే చూశాను నేను కూడా."

వాన రేకుల మీద ఎడతెగకుండా కురుస్తోంది. అందులో ఇన్ని చప్పుళ్ళున్నాయని జోగేశ్వరరావు గమనించలేదు ఇదివరకు. రేకు మీద ఒకటి, కొబ్బరాకు మీద ఒకటి, కిందెక్కడో ప్లాస్టిక్ బకెట్టు మీద ఇంకొకటి. కొంతసేపటికి ఒక చుక్క పచ్చబడింది. తర్వాత పక్కది. మొదటి టవరు లేచినట్టుంది.

ఆయన బల్ల అంచు పట్టుకుని లేచాడు. ఫోనుని తువ్వాలుతో ఒకసారి తుడిచి హేమశ్రీ చేతిలో పెట్టాడు.

"రాజుగారు ముందు కేకలేస్తారు, తర్వాత ఎలా ఉన్నావమ్మా అంటారు. ఆ రెండో మాట దాకా ఆగు. నీ వంతు అయిపోయాక మాత్రం ఒక్క నిమిషం కూడా ఉంచుకోకు, పక్కవాళ్ళకి ఇచ్చెయ్యి."

"అలాగే బాబాయిగారూ."

ఉదయ్‌భాస్కర్ తలుపు దాకా వచ్చాడు. "వానగా ఉంది. ఇవాళ్టికి బండి తీసుకెళ్ళండి" అన్నాడు.

"వద్దు బాబూ. నడిచి వెళ్తాను."

"రెయిన్‌కోటయినా..."

"అది ఆఫీసుదే కదా. ఉండనివ్వండి."

క్యారేజీ పట్టుకుని మెట్లు దిగాడు. ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనించి దిగాడు. కింద మేతల కొట్టాయన బస్తాల మీద టార్పాలిన్ కప్పుతూ తలెత్తి, "ఈ వానలో ఏ చెరువుకండీ?" అన్నాడు. "ఇంటికి" అన్నాడు జోగేశ్వరరావు. కొట్టాయన టార్పాలిన్ వదిలేసి చూశాడు. చూరు కింద నిలబడి తగ్గాక వెళ్ళొచ్చు. జోగేశ్వరరావు నిలబడలేదు. వీధిలో నీళ్ళు చెప్పుల పైకి వచ్చాయి. చొక్కా వీపుకి అంటుకుంది. వాన పడుతుండగా ఆయన ఇంట్లోంచి వెళ్ళడమే గాని ఇంటికి రావడం పరమేశ్వరి ఎప్పుడూ చూడలేదు. చూసి ఏమంటుందో అనుకుంటూ, తొందరపడకుండా నడిచాడు.

పైన హేమశ్రీ కీబోర్డు సర్దుతూ దాన్ని చూసింది. చేతిలోకి తీసుకుని మెట్ల దాకా పరుగెత్తి, "బాబాయిగారూ, మీ పిన్నీసు!" అని కేకేసింది. వాన చప్పుడులో కేక ఎక్కడికీ పోలేదు. వీధి మలుపులో తెల్లటి చొక్కా ఒకటి కనిపించి, కనిపించకుండా పోయింది. ఆమె తిరిగి వచ్చి దాన్ని మూసి పెడదామని చూసింది. మూత పడలేదు. చివరికి గోడమేకుకి తగిలించి, తెర ముందు కూర్చుంది. అక్కడ, బండి తాళం పక్కన, నల్లబడి, మొన వంగి, మూత పడని పిన్నీసు కిటికీలోంచి వచ్చే తడిగాలికి మెల్లగా ఊగుతూ ఉండిపోయింది.